కట్టు సరే, ఎముక చూశామా?

పుత్తూరు పేరు చెప్పగానే మన వైపు వాళ్ళకే కాదు, అటు మద్రాసులో, ఇటు బెంగళూరులో ఉన్నవాళ్ళకు కూడా మొదట గుర్తొచ్చేది కట్టు. చెట్టు మీది నుంచి పడి చెయ్యి విరిగినా, బండి మీది నుంచి జారి కాలు దెబ్బతిన్నా "పుత్తూరుకు పోయి కట్టు కట్టించుకొని రాపో" అనడం మనకు వాడుక. పుత్తూరు పక్కన రాచపాళెంలో తరతరాలుగా సాగుతున్న విద్య అది. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ పీలికలు. సరంజామా అంతా ఇంతే. కానీ ఇవన్నీ దొరికినంత మాత్రాన అందరూ కట్టు కట్టలేరు. కట్టేవాడి వేళ్ళు ముందు ఎముకను తడిమి చూడాలి. ఎక్కడ విరిగింది, ఎటు జరిగింది, ఎంత జరిగింది అన్నది తెలిసిన తర్వాతే బద్దల పని. ఎక్స్‌రే ఫిల్ము చేత పట్టుకొని వచ్చేవాళ్ళు కూడా ఈ కాలంలో ఉన్నారు. కట్టు కట్టడం ఒక విద్య, లోపల ఎముక ఎలా ఉందో తెలుసుకోవడం ఇంకొక విద్య. రెండూ కలిస్తేనే వైద్యం.

కెమిస్ట్రీ గురించి రాయమంటే ఈ కట్టు గోల ఎందుకని మిత్రులు అనుకోవచ్చు. కారణం ఉంది. మన పి.జి. ప్రయోగశాలల్లో, పరిశోధన గదుల్లో ఏళ్ళ తరబడి విసుగు లేకుండా సాగుతున్న పని ఒకటుంది. షిఫ్ బేస్ లైగాండ్లతో లోహ సమ్మేళనాలు తయారు చేయడం, వాటి నిర్మాణం ఇది అని రాయడం. రాగి, నికెల్, కోబాల్ట్, జింకు, వనాడియం ఇలా వరుసగా నడుస్తుంది. ఇందులో లైగాండ్ అనే మాటకే మూలం కట్టడం అనే అర్థమున్న లాటిన్ ధాతువు. 1916లో ఆల్ఫ్రెడ్ స్టాక్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ఆ మాటను వాడుకలోకి తెచ్చాడు. లోహ పరమాణువును చుట్టుపక్కల నుంచి పట్టి కట్టి ఉంచేది లైగాండ్. అంటే మనం ప్రయోగశాలలో చేస్తున్నది కూడా ఒక రకం కట్టు కట్టడమే. కట్టు బాగానే కడుతున్నాం. కాని లోపలి ఎముకను చూశామా, చూడకుండానే చూశామని రాస్తున్నామా అన్నదే నా ప్రశ్న. ఆర్ట్స్ విద్యార్థులు పేజీ తిప్పేయనక్కరలేదు. ఈ ప్రశ్న కెమిస్ట్రీ వాళ్ళ ఒక్కరిదే కాదు.

కట్టే విద్య

షిఫ్ బేస్ అంటే ఏమిటో ముందు చూద్దాం. హ్యూగో షిఫ్ అనే శాస్త్రజ్ఞుడు 1864లో ఒక చర్యను వివరించాడు. ఆల్డిహైడ్‌ను, ఎమీన్‌ను కలిపితే ఒక నీటి అణువు బయటికి పోయి, కార్బన్‌కూ నైట్రోజన్‌కూ మధ్య జంట బంధం ఏర్పడుతుంది. ఇదేదో పుస్తకాల్లో మాత్రమే ఉండే సంగతి అనుకోకండి. ఈ అక్షరాలు చదువుతున్న మీ కంట్లో రెటినాల్ అనే అణువు ఆప్సిన్ అనే ప్రోటీనుతో ఇటువంటి బంధంతోనే ముడిపడి ఉంది. వెలుతురు తగలగానే ఆ రెటినాల్ ఆకారం మారుతుంది, చూపు మొదలవుతుంది.

ప్రయోగశాలలో దీన్ని చేయడం ఎంతో సులువు. సాలిసిలాల్డిహైడ్‌ను ఆల్కహాల్‌లో కరిగించి, దానికి ఇథిలీన్‌డైఎమీన్ పోస్తే చూస్తుండగానే పసుపుపచ్చని రేకులు విడిపోతాయి. దానికే సాలెన్ అని ముద్దుపేరు. రెండు నైట్రోజన్లు, రెండు ఆక్సిజన్లు, మొత్తం నాలుగు చేతులు. జర్మనీలో పాల్ ఫైఫర్ 1933లో ఈ లైగాండ్‌తో ఎన్నో లోహాలను కట్టి చూపించాడు. నీలంగా ఉండే వనాడిల్ సల్ఫేట్ ద్రావణానికి సాలెన్, కాస్త సోడియం ఎసిటేట్ కలిపి మరిగిస్తే నీలం పోయి ఆకుపచ్చని పొడి అడుగుకు దిగుతుంది. వడపోసి, కడిగి, ఆరబెట్టుకుంటే సమ్మేళనం సిద్ధం. ఉదయం మొదలుపెడితే సాయంత్రం బస్సెక్కే లోపల పని అయిపోతుంది. ఖరీదైన పరికరం అక్కర్లేదు. పల్లె నుంచి వచ్చి మొదటిసారి ప్రయోగశాల చూసిన విద్యార్థి కూడా చేయగలడు.

ఇది చిన్న పని అని నేను అనడం లేదు. చేతికి పని నేర్పే ప్రయోగం ఇది. రంగు మారడం, పొడి దిగడం కళ్ళారా చూసిన విద్యార్థికి రసాయన శాస్త్రం మీద కలిగే ప్రీతి నాలుగు ఉపన్యాసాలు విన్నా కలగదు. నా అభ్యంతరం తయారీ మీద కాదు. తయారీ అయిన తర్వాత నిర్మాణం అనే శీర్షిక కింద రాసే వాక్యాల మీద.

ఎట్ల తెలిసింది నాయనా?

నేను చదువుకున్న రోజుల్లో జరిగిన ముచ్చట చెబుతాను. మన ఊరు కాదు, వేరే చోట. తప్పు నాది కనుక ఆ చోటి పేరుతో పనిలేదు. నా ప్రాజెక్టు పుస్తకంలో వనాడియం సమ్మేళనాలు అయిదు. అయిదింటికీ కింద ఒకే వాక్యం: ఈ సమ్మేళనానికి చదరపు పిరమిడ్ నిర్మాణం ఉన్నదని నిర్ధారించడమైనది. బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారి పుస్తకం తిరగేసి నన్ను అడిగారు.

"చదరపు పిరమిడ్ అని రాసినావు. ఎట్ల తెలిసింది నాయనా?"

"పరారుణ వర్ణపటంలో 980 దగ్గర గీత వచ్చింది సార్."

"ఆ గీత ఏం చెప్పింది?"

"వనాడియంకూ ఆక్సిజన్‌కూ జంట బంధం ఉందని సార్."

"అది చెప్పింది, నిజమే. పిరమిడ్ అని ఎవరు చెప్పినారు?"

నా దగ్గర సమాధానం లేదు. ఎవరు చెప్పారంటే, మా ముందు బ్యాచి వాళ్ళ పుస్తకం చెప్పింది. వాళ్ళకు అంతకు ముందు బ్యాచి వాళ్ళ పుస్తకం చెప్పింది. ఆయన నన్ను తప్పించలేదు. 'నిర్ధారించడమైనది' అన్న మాటను పెన్నుతో కొట్టేసి 'ఊహించడమైనది' అని రాసి, మార్కులు వేసి పోయారు. ఆ పూట నాకు అవమానంగా తోచింది. ఆయన దిద్దింది ఒక్క మాటే అయినా నా చదువునంతా దిద్దినట్టయిందని తెలుసుకోవడానికి కొన్నేళ్ళు పట్టింది.

వనాడియం చరిత్రే చెప్పే పాఠం

తొందరపడి పేరు పెట్టడం వల్ల ఏమవుతుందో వనాడియం తన చరిత్రతోనే చెబుతుంది. 1801లో మెక్సికోలో ఆండ్రెస్ మాన్యుయెల్ దెల్ రియో అనే ఆచార్యుడు ఒక సీసపు ఖనిజంలో కొత్త మూలకం ఉందని గుర్తించాడు. దాని లవణాలు రకరకాల రంగుల్లో కనిపించేసరికి ముందు ఒక పేరు, తర్వాత ఇంకొక పేరు పెట్టాడు. ఆ ఖనిజాన్ని ప్యారిస్‌లో పరీక్షించిన కొలే దెకోతిల్ అనే ఆయన 1805లో ఇది కొత్తదేమీ కాదు, క్రోమియమే అని తేల్చేశాడు. పాపం దెల్ రియో ఆ మాట నమ్మి తన మాట వెనక్కి తీసుకున్నాడు. 1830లో స్వీడన్‌లో నిల్స్ సెఫ్‌స్ట్రోమ్ ఇనుములో అదే మూలకాన్ని మళ్ళీ కనుక్కొని, స్కాండినేవియా దేవత వనాదిస్ పేరు పెట్టాడు. రెండూ ఒకటేనని మరుసటి ఏడాది వోలర్ చూపించాడు. అంటే ఒక తప్పు విశ్లేషణ వల్ల ఒక మూలకం పాతికేళ్ళు లోకానికి లేకుండా పోయింది.

అంతటితో ఆగలేదు. ఆ కాలంలో రసాయన శాస్త్రానికి పెద్ద దిక్కయిన బెర్జీలియస్ వనాడియం లోహం అనుకున్నది నిజానికి లోహమే కాదు, నైట్రోజన్‌తో కలిసిన సమ్మేళనం. ఆ సంగతి 1867లో మాంచెస్టర్‌లో హెన్రీ రాస్కో బయటపెట్టేదాకా తెలియలేదు. అంతటి మహానుభావుడి మాటను కూడా ఒకడు ప్రశ్నించి, మళ్ళీ తూచి చూసినందువల్లే నిజం తేలింది. మనకు బెర్జీలియస్ కంటే ముందు బ్యాచి పుస్తకం మీదే గురి ఎక్కువగా ఉందంటే ఏమనుకోవాలి?

ఒక్క కార్బన్ తేడా

నిర్మాణం అన్న మాట ఎందుకు అంత జాగ్రత్తగా వాడాలో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. ఈ ఉదాహరణ ప్రతి పి.జి. విద్యార్థికీ తెలిసి ఉండాలని నా కోరిక.

ముందు మంచి కథ. వనాడిల్ ఎసిటైల్ఎసిటోనేట్ అనే సమ్మేళనాన్ని 1961లో డాడ్జ్, టెంపుల్టన్, జాల్కిన్ అనే ముగ్గురు ఎక్స్‌రేలతో పరీక్షించారు. నాలుగు ఆక్సిజన్లు చదరంగా అడుగున, అయిదో ఆక్సిజన్ శిఖరాన, వాటి మధ్య చదరానికి కాస్త పైన వనాడియం. శిఖరంలోని ఆక్సిజన్ దూరం సుమారు 1.57 ఆంగ్‌స్ట్రామ్‌లు, అడుగున ఉన్నవి సుమారు 1.97. చదరపు పిరమిడ్ అంటే ఇదీ. వాళ్ళు చూసి చెప్పారు కనుక అది నిర్ధారణ.

ఇప్పుడు అసలు కథ. సాలెన్‌లో రెండు నైట్రోజన్ల మధ్య రెండు కార్బన్ల వంతెన ఉంటుంది. దానితో చేసిన వనాడిల్ సమ్మేళనం ఆకుపచ్చగా, 980 దగ్గర గీతతో, బుద్ధిమంతుడిలా ఉంటుంది. ఇథిలీన్‌డైఎమీన్‌కు బదులు ప్రొపిలీన్ సంబంధమైన డైఎమీన్ తీసుకొని వంతెనలో ఒక్క కార్బన్ పెంచండి. మిగతా అంతా అదే చర్య, అదే సీసా, అదే చెయ్యి. కాని వచ్చే పొడి నారింజ రంగు! పరారుణ వర్ణపటంలో 980 దగ్గర రావలసిన గీత 854 దగ్గరికి దిగిపోతుంది. కారణం ఏమిటి? 1970లో మాథ్యూ, కార్టీ, పాలెనిక్ అనేవారు దాని స్ఫటికాన్ని ఎక్స్‌రేలతో చూశారు. ఒక అణువు శిఖరంలోని ఆక్సిజన్ పక్క అణువులోని వనాడియంను కింద నుంచి పట్టుకొని ఉంది. దానిది దాని పక్కదానిని. ఇలా రైలు పెట్టెల్లాగా గొలుసుకట్టు. ఆ లాగుడు వల్లే జంట బంధం కాస్త సడలి గీత కిందికి దిగింది. వనాడియం చుట్టూ అయిదు కాదు, ఆరు పరమాణువులు. అది పిరమిడ్ కానే కాదు.

వంతెనలో ఒక్క కార్బన్ తేడాతో నిర్మాణమే మారిపోయింది. మరి మనం అయిదు వేర్వేరు ఎమీన్లతో అయిదు సమ్మేళనాలు చేసి అయిదింటికీ ఒకే వాక్యం రాస్తే దాన్ని ఏమనాలి? అయిదుగురు రోగులకు అయిదు చోట్ల దెబ్బ తగిలితే అందరికీ మణికట్టుకే కట్టు కట్టినట్టు.

పొడిలో ఒకటి, ద్రావణంలో ఇంకొకటి

ఇంకొక చిక్కు ఉంది. ఆ నారింజ గొలుసు సమ్మేళనాన్ని పిరిడీన్ వంటి ద్రావణిలో కరిగిస్తే గొలుసు తెగి ఆకుపచ్చ ద్రావణం వస్తుంది. అంటే పొడిగా ఉన్నప్పుడు దాని రూపం ఒకటి, కరిగినప్పుడు ఇంకొకటి. ఇప్పుడు మన పుస్తకాలు చూడండి. పరారుణ వర్ణపటం పొడిని పొటాషియం బ్రోమైడ్‌తో బిళ్ళగా నొక్కి తీస్తాం. దృశ్య వర్ణపటం డైమిథైల్ సల్ఫాక్సైడ్‌లో కరిగించి తీస్తాం. రెండూ పక్కపక్కన అంటించి, రెండింటి నుంచి ఒకే నిర్మాణం లాగుతాం. ఆ ద్రావణి తానే వచ్చి వనాడియం ఖాళీగా ఉన్న ఆరో స్థానంలో కూర్చోగలదు. గాలి తగులుతూ ద్రావణం నిలవ ఉంటే నాలుగో ఆక్సీకరణ స్థితిలోని వనాడియం అయిదో స్థితికి మారిపోవచ్చు. ఒకరి ఫోటో, ఇంకొకరి వేలిముద్ర కలిపి ఒకే గుర్తింపు కార్డు చేసినట్టుంటుంది ఈ వ్యవహారం.

పరికరాలు అబద్ధం చెప్పవు. అవి అడిగినదానికి మాత్రమే జవాబు చెబుతాయి. కార్బన్, నైట్రోజన్ జంట బంధపు గీత 1635 నుంచి 1610 దగ్గరికి జరిగితే నైట్రోజన్ లోహాన్ని పట్టుకుందని అనుకోవడానికి అది మంచి ఆధారం. అయస్కాంత భ్రామకం 1.73 బోర్ మాగ్నెటాన్ల దగ్గర వస్తే ఒంటరి ఎలక్ట్రాన్ ఒకటి ఉందని, అంటే వనాడియం నాలుగో స్థితిలో ఉందని చెప్పవచ్చు. ఎలక్ట్రాన్ స్పిన్ అనునాదంలో ఎనిమిది గీతలు వస్తే, కేంద్రక స్పిన్ ఏడు బై రెండు ఉన్న వనాడియం 51 అక్కడ ఉందని చెప్పవచ్చు. ఈ విద్యలో మన తిరుపతికి చెప్పుకోదగ్గ వారసత్వమే ఉంది. 1954లో ఏర్పడిన మన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో, ఫిజిక్స్ శాఖలో, స్ఫటికాల్లోనూ గాజుల్లోనూ వనాడిల్ అయాన్ వర్ణపటాలను శ్రద్ధగా చదివారు. ఎస్.వి.జె. లక్ష్మణ్ గారు, జె. లక్ష్మణరావు గారు ఆ పరంపరలోని పేర్లు. బాల్‌హౌసెన్, గ్రే 1962లో వనాడిల్ అయాన్‌కు ఇచ్చిన శక్తిస్థాయిల చిత్రాన్ని ముందు పెట్టుకొని, వచ్చిన ప్రతి గీతకూ లెక్క చెప్పే పద్ధతి అది. గీత చూసి గీతకు తగినంతే చెప్పడం. ఆ నిగ్రహం మన కెమిస్ట్రీ ప్రాజెక్టు పుస్తకాల్లోకి కూడా రావాలి.

మందు అనే మాట

నిర్మాణం ఊహించి ఊరుకుంటే అంత నష్టం లేదేమో. దాని మీద మేడ కడుతున్నాం. పుస్తకం చివర బ్యాక్టీరియా పలకల ఫోటోలు, ఈమధ్య కంప్యూటర్‌లో ప్రోటీనులోకి అణువును దూర్చి చూపించే రంగురంగుల బొమ్మలు, ఆఖరున 'ఈ సమ్మేళనాలు మధుమేహానికి, కాన్సరుకు మందుగా ఉపయోగపడగలవు' అన్న వాక్యం. దూర్చిన అణువు నిజంగా సీసాలో ఉన్న అణువేనా అన్న ప్రశ్న ఎవరూ వేయరు.

వనాడియంకూ మధుమేహానికీ సంబంధం ఉట్టి మాట కాదు. 1899లోనే ఫ్రాన్స్‌లోని లియాన్‌లో వైద్యులు సోడియం వనాడేట్‌ను రోగులకు ఇచ్చి చూశారు. 1985లో మెక్‌నీల్ బృందం మధుమేహం ఉన్న ఎలుకలకు తాగే నీళ్ళలో వనాడేట్ ఇస్తే రక్తంలో చక్కెర తగ్గిందని ప్రకటించింది. ఆ తర్వాత మాల్టాల్ జాతి లైగాండ్‌తో చేసిన ఒక వనాడియం సమ్మేళనం మనుషుల మీద రెండో దశ పరీక్షల దాకా వెళ్ళింది. అక్కడ ఆగిపోయింది. శరీరంలోకి వెళ్ళాక లైగాండ్ ఊడిపోయి వనాడియం రక్తంలోని ప్రోటీన్లను పట్టుకుంటుందని ఆ పరిశోధనల్లోనే తేలింది. ఏళ్ళ తరబడి, ఎంతో డబ్బు పెట్టి చేసిన పని అలా ఆగింది. మనమేమో మూడు నెలల ప్రాజెక్టులో, ఒక్క పలక మీద మచ్చ చూసి, మందు అని రాసేస్తున్నాం. మన ఇళ్ళలో చక్కెర జబ్బు లేని ఇల్లు ఏది? ఆ మాటను అంత తేలిగ్గా వాడే హక్కు మనకు ఉందా?

కనీసం ఒక నియమం పాటించవచ్చు. సమ్మేళనాన్ని పరీక్షించిన రోజే, అదే పలక మీద, లైగాండ్‌ను విడిగా, వనాడిల్ సల్ఫేట్‌ను విడిగా, ఉట్టి ద్రావణిని విడిగా పరీక్షించడం. ఆ మూడూ లేకపోతే ఆ మచ్చ ఎవరిదో ఎవరికి తెలుసు?

మనకు ఆ పరికరాలు ఎక్కడివి సార్?

ఈ మాటలు అన్నప్పుడల్లా వచ్చే జవాబు ఇది. న్యాయమైన జవాబే. పి.జి. విద్యార్థికి ఉండేది కొన్ని నెలలు. స్ఫటికం పెరగడం మన చేతిలో లేదు. పరికరం మన శాఖలో లేదు. ఫీజు కట్టే స్తోమత అందరికీ లేదు.

మొదటి సంగతి, దారి పూర్తిగా మూసుకుపోలేదు. పుత్తూరు మీదుగా వెళ్ళే రైలెక్కితే అరక్కోణం దాటి మద్రాసు. అక్కడ ఐ.ఐ.టి.లో బయటి విద్యాసంస్థల నమూనాలు తీసుకొని పరీక్షించడానికే అధునాతన పరికరాల కేంద్రం ఏర్పాటైంది. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో కేంద్ర ప్రభుత్వ సైన్సు, టెక్నాలజీ శాఖ సాయంతో స్ఫటిక నిర్మాణాల కోసం జాతీయ కేంద్రమే నెలకొల్పారు. అదే విశ్వవిద్యాలయంలో సముద్రనీల్ పాల్ బృందం ఆరోయిల్ హైడ్రజోన్ లైగాండ్లతో వనాడియం సమ్మేళనాలు చేసి, స్ఫటిక నిర్మాణాలతో సహా ప్రచురించింది. తెలుగు నేల మీద జరిగిన పనే అది. అయిదు సమ్మేళనాలు చేసి అయిదింటినీ పొడిగా వదిలేసే బదులు, ఒక్కటి చేసి, దాన్ని చిన్న సీసాలో కరిగించి, మూతకు సూదితో రంధ్రాలు పొడిచి, ఫ్యాను గాలి తగలని మూల పెట్టి, రోజూ కదిలించి చూడకుండా ఓపిక పట్టమని నా సలహా. పెరిగితే ఒక్క స్ఫటికం చాలు. పెరగకపోతే పోనీ, ఓపికైనా నేర్చుకున్నట్టవుతుంది.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. ఎక్స్‌రే లేకపోతే నిర్మాణం చెప్పలేమా? చెప్పవచ్చు. ఆల్ఫ్రెడ్ వెర్నర్ 1893లో కోబాల్ట్ సమ్మేళనాల్లో లోహం చుట్టూ ఆరు గుంపులు అష్టముఖిలా ఉంటాయని చెప్పినప్పుడు ఎక్స్‌రేలే ఇంకా కనుక్కోలేదు. ఆయన ఏం చేశాడు? అష్టముఖి అయితే ఎన్ని సాదృశ్య రూపాలు రావాలి, ఇంకొక ఆకారం అయితే ఎన్ని రావాలి అని లెక్క వేసి, ఒక్కొక్కటే తయారు చేస్తూ, తనకు వ్యతిరేకంగా ఉండే ప్రతి అవకాశాన్నీ తానే ముందు పరీక్షించాడు. 1911లో ఎడమ, కుడి రూపాలను విడదీసి చూపేదాకా విశ్రమించలేదు. 1913లో నోబెల్ బహుమానం వచ్చింది. వెర్నర్‌కు లేనిది పరికరం. మనకు లేనిది ఆ పట్టుదల. పేదరికానికి సానుభూతి చూపవచ్చు గాని, 'ఊహించడమైనది' అని రాయడానికి డబ్బు ఖర్చు కాదు కదా!

నేను కోరేది

పెద్ద సంస్కరణలేవీ కోరడం లేదు. మూడు చిన్న అలవాట్లు చాలు.

ఒకటి, ప్రతి ప్రాజెక్టు పుస్తకంలో ఒక పేజీకి మధ్యలో గీత గీసి, ఎడమ వైపు 'కొలిచినది' అని, కుడి వైపు 'ఊహించినది' అని రాయించాలి. నిర్మాణం ఏ వైపు పడుతుందో విద్యార్థి తానే నిర్ణయించుకోవాలి. ఆ ఒక్క పేజీ రాయడంలో నేర్చుకునేది మిగతా నూరు పేజీల్లో నేర్చుకోడు.

రెండు, వర్ణపటాలు అసలువి జతచేయాలి. గీతల పట్టిక మాత్రమే కాదు. పట్టికలో లేని గీతలే ఎక్కువ సంగతులు చెబుతాయి. ఇష్టం లేని గీత కనబడితే 'ఇది ఎందుకు వచ్చిందో తెలియలేదు' అని రాసిన విద్యార్థికి మార్కులు తగ్గించకూడదు, పెంచాలి.

మూడు, ఇది అధ్యాపక మిత్రులకు. వైవాలో ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి. ఎట్ల తెలిసింది నాయనా? కోపంగా కాదు, ఆ పెద్దాయన నన్ను అడిగినట్టు అడగండి. ప్రచురణల సంఖ్య లెక్కపెట్టే ఈ రోజుల్లో ఆ ప్రశ్న అడగడం అధ్యాపకుడికి కూడా కష్టమే. మనం సంతకం పెట్టిన పుస్తకాల గురించి మనల్నీ అదే ప్రశ్న అడగవచ్చు. అడగనీండి.

విద్యార్థులకు ఒక మాట. మీలో చాలామంది రేపు పరిశోధకులు కారు. కొందరు బడిపంతుళ్ళు అవుతారు, కొందరు మందుల ఫ్యాక్టరీల్లో నాణ్యత చూసే పనికి వెళతారు, కొందరు ఆఫీసుల్లో ఫైళ్ళ మీద సంతకాలు పెడతారు. చదరపు పిరమిడ్ అయిదేళ్ళలో మరిచిపోతారు, దానికి బాధ లేదు. కాని పరీక్షించకుండా పరీక్షించామని రాసే అలవాటు ఇక్కడ పడితే అది మరిచిపోవడం జరగదు. మందు బిళ్ళల బ్యాచి మీద, వంతెన సిమెంటు మీద, ఎవరో పేదవాడి దరఖాస్తు మీద అదే చెయ్యి అదే రకంగా రాస్తుంది. వనాడియం విషయంలో ఎవరికీ ప్రాణం పోదు. అందుకే తప్పు దిద్దుకోవడానికి ప్రయోగశాల మంచి చోటు.

పుత్తూరు కట్టు కట్టించుకున్నవాళ్ళను అడగండి. కట్టు వేసేటప్పటి నొప్పి కంటే, ముందుగా వేళ్ళతో ఎముకను వెతికేటప్పటి నొప్పే ఎక్కువ అంటారు. ఆ నొప్పికి ఓర్వలేక పైపైన కట్టు కట్టించుకుంటే, ఎముక అతుకుతుంది, కాని వంకరగా అతుకుతుంది. తర్వాత దాన్ని సరిచేయాలంటే మళ్ళీ విరవాలి. మన శాస్త్ర విద్యకు అటువంటి అవసరం రాకూడదని, వచ్చే ఏడాది ప్రాజెక్టు పుస్తకాల్లో 'ఊహించడమైనది' అన్న మాట ఎక్కువగా కనిపించాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.